పాసవ్వకముందే పండగ

ముందు పరీక్ష, తర్వాత రిజల్ట్, ఆ తర్వాత పండగ. న్యాయంగా వరస ఇది. కానీ మన పదో తరగతి ఫేర్‌వెల్ దగ్గరికొచ్చేసరికి ఈ వరస తిరగబడుతుంది. ముందు బిర్యానీ పొట్లం, తర్వాత హాల్‌టికెట్, ఆ తర్వాత పరీక్ష, అన్నిటికన్నా చివర రిజల్ట్. పాసవుతాడో తప్పుతాడో దేవుడికి కూడా తెలియని రోజున వాణ్ణి స్టేజీ ఎక్కించి, చేతిలో మెమెంటో పెట్టి, "ఉజ్వల భవిష్యత్తు" అని దీవించి పంపిస్తాం. మన సీఎస్‌ఈ వాళ్ళ భాషలో చెప్పాలంటే, కోడ్ కంపైల్ అవ్వకముందే డెమో అయిపోయిందని స్వీట్లు పంచినట్టు.

మన కాలేజీలో ఎవర్ని కదిపినా ఒక ఫేర్‌వెల్ కథ ఉంటుంది. గుడివాడ వాళ్ళదీ, అవనిగడ్డ వాళ్ళదీ, బెజవాడ వన్ టౌన్ వాళ్ళదీ పక్కపక్కన పెట్టి వింటే, హీరోలు మారారు గానీ సినిమా ఒక్కటే అనిపిస్తుంది. అందరికీ ఒకేలా ఎందుకు జరుగుతుంది? అది కూడా పన్నెండులో కాకుండా పదిలోనే ఎందుకు? పరీక్షకు ముందే ఎందుకు? నవ్వుకుంటూనే ఈ ప్రశ్నలకి జవాబులు వెతుకుదాం.

పదిలోనే ఎందుకు?

అమెరికాలో హైస్కూల్ గ్రాడ్యుయేషన్ అంటే 12వ తరగతి, పద్దెనిమిదేళ్ళ వయసు. మీసం వచ్చాక జరిగే పండగ. మనకి మీసం మొలుస్తుందా లేదా అని అద్దంలో చూసుకునే వయసులోనే అయిపోతుంది.

దీనికి కారణం చాలా పాతది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1911లో ఎస్సెస్సెల్సీ పద్ధతి మొదలైంది. స్కూలు విడిచి వెళ్ళేవాడికి ఇచ్చే సర్టిఫికెట్ అని దాని పేరులోనే ఉంది. మన తాతల తరం దాన్ని "స్కూల్ ఫైనల్" అనేవారు. "మా ఆయన స్కూల్ ఫైనల్ దాకా చదివాడు" అని నాయనమ్మ చెబితే అది మామూలు మాట కాదు, ఆ రోజుల్లో ఉద్యోగం వచ్చే చదువది. తర్వాత పదకొండో తరగతి, పీయూసీ లాంటి ఏర్పాట్లు కొన్నాళ్ళు నడిచి, 1970 ప్రాంతంలో పదేళ్ళ స్కూలు, రెండేళ్ళ ఇంటర్ అనే లెక్క స్థిరపడింది. ఇంటర్ కోసం 1971లో విడిగా చట్టం కూడా వచ్చింది. అంటే స్కూలు వేరు, ఇంటర్ వేరు, బోర్డులు వేరు, ఎక్కువ చోట్ల బిల్డింగులు కూడా వేరు.

సీబీఎస్‌ఈలో చదివిన ఫ్రెండ్స్‌కి ఈ బాధ అంతగా తెలియదు. వాళ్ళలో చాలామందికి పది అయ్యాక కూడా అదే గేటు, అదే వాచ్‌మన్, అదే క్యాంటీన్. స్టేట్ సిలబస్ వాళ్ళకి మాత్రం పది అవ్వగానే గేటు మారిపోతుంది. ఎంపీసీ, బైపీసీ అన్నవాళ్ళు గూడవల్లి, పోరంకి, ఈడుపుగల్లు వైపు రెసిడెన్షియల్ క్యాంపస్‌లకి. మార్కులు దంచినవాళ్ళు నూజివీడు ట్రిపుల్ ఐటీకి. 2008లో పెట్టిన అందులో మామూలుగా పదో తరగతి మార్కులతోనే సీటు. పాలిసెట్ రాసినవాళ్ళు పాలిటెక్నిక్‌కి, కొందరు ఐటీఐకి, కొందరు నాన్నతోపాటు చేపల చెరువు మీదకి, కొందరు బంధువుల షాపులోకి. నర్సరీ నుంచి ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళు ఒక్క వేసవిలో ఆరు దిక్కులకి పోతారు.

మరి ఇంటర్‌కి ఫేర్‌వెల్ లేదా అంటే, కొన్ని కాలేజీల్లో ఉంది. కానీ హాస్టల్లో ఉన్న చాలామందికి ఇంటర్ వీడ్కోలు అంటే నాన్న ఆటో మాట్లాడుకుని రావడం, పరుపు, బకెట్, ట్రంకుపెట్టె అందులో ఎక్కించడం, "పద, ఎంసెట్‌కి ఇంకా పాతిక రోజులుంది" అనడం. అంతే. అందుకే ఏడవాలన్నా నవ్వాలన్నా మనకి మిగిలింది పదే.

గౌను, టోపీ, కాశీయాత్ర

నల్ల గౌను వేసుకునే యోగం మనకి జీవితంలో రెండుసార్లే. ఒకటి యూకేజీలో, రెండోది బీటెక్ అయ్యాక. మధ్యలో పదిహేనేళ్ళకు పైగా గ్యాప్. బెజవాడ ఎండలో, మార్చి నెలలో, శాటిన్ గౌను తొడిగి, కళ్ళ మీదకి జారిపోయే టోపీ పెట్టి, ఐదేళ్ళ పిల్లాడి చేతిలో చుట్టిన కాగితం పెడతారు. వాడు అమ్మ ఎక్కడుందో వెతుక్కుంటూ ఏడుస్తూ ఉంటాడు. ఆ ఫోటో ఇప్పటికీ మా ఇంటి టీవీ మీద ఉంది. వచ్చిన ప్రతి చుట్టానికీ చూపిస్తారు.

ఆ టోపీలు గాల్లోకి విసరడం ఎక్కడిదంటే, 1912లో అమెరికాలోని అనాపొలిస్ నావికా అకాడమీ దగ్గర మొదలైందని చెబుతారు. అంతకుముందు అక్కడ చదువు అయ్యాక కూడా రెండేళ్ళు ఓడల మీద ట్రైనింగ్ ఉండేది కాబట్టి పాత టోపీ అవసరమయ్యేది. ఆ ఏడాది బయటికొచ్చినవాళ్ళని నేరుగా ఆఫీసర్లని చేశారు. ఆఫీసర్ టోపీ వచ్చాక పాతది ఎందుకని గాల్లోకి విసిరేశారు. మన యూకేజీ టోపీలు మాత్రం అద్దెవి. విసిరితే డిపాజిట్ పోతుంది.

మనకి సొంత గ్రాడ్యుయేషన్ లేదా? ఉంది, దాని పేరు స్నాతకం. గురువు దగ్గర చదువు పూర్తయ్యాక శిష్యుడు స్నానం చేసి, కొత్త బట్టలు, గొడుగు, చెప్పులు ధరించి ఇంటికి బయల్దేరేవాడు. అలా స్నానం చేసినవాడు స్నాతకుడు. యూనివర్సిటీ వాళ్ళ "స్నాతకోత్సవం" అక్కడిదే. తమాషా ఏంటంటే, ఈ తంతు ఇప్పుడు బడిలో లేదు, పెళ్ళిలో ఉంది. మన వైపు కొన్ని కుటుంబాల్లో పెళ్ళికి ముందు పెళ్ళికొడుక్కి స్నాతకం చేస్తారు. వెంటనే ఆయన గొడుగు, కర్ర పట్టుకుని కాశీకి పోతానని బయల్దేరతాడు. బావమరిది ఎదురొచ్చి, బెల్లం ముక్క పెట్టి, మా అక్కని చేసుకో బావా అని బతిమాలి వెనక్కి తెస్తాడు. నాలుగు అడుగులకి మించి కాశీ వైపు వెళ్ళిన పెళ్ళికొడుకుని నేనింతవరకు చూడలేదు. అంటే మన పెద్దల లెక్కలో చదువు అయిపోవడం, పెళ్ళి మొదలవ్వడం పక్కపక్కనే. డిగ్రీ చేతికి రాగానే సంబంధాలు చూడటం మొదలుపెట్టే ఇళ్ళలో ఈ సంప్రదాయం ఇప్పటికీ భద్రంగానే ఉంది!

పరీక్షకు ముందే ఎందుకు?

దీనికి కారణాలు చాలా సింపుల్. పబ్లిక్ పరీక్ష సొంత స్కూల్లో రాయించరు, వేరే స్కూల్లో సెంటర్ పడుతుంది. ఒకే క్లాసు పిల్లలు వేర్వేరు గదుల్లోకి, ఒక్కోసారి వేర్వేరు సెంటర్లకి వెళ్ళిపోతారు. ఆఖరి పేపర్ అయ్యాక ఎండలు, సెలవులు, అమ్మమ్మగారిల్లు. మళ్ళీ అందరూ కలిసి స్కూలుకి వచ్చే రోజు ఉండదు. అదే హాల్‌టికెట్ ఇచ్చే రోజైతే చచ్చినట్టు అందరూ రావాల్సిందే. అందుకని ఆ రోజే, లేదా ఆ దగ్గర్లోనే, ఫేర్‌వెల్ పెట్టేస్తారు.

మనమే వింత అనుకోవద్దు. నార్వేలో కూడా స్కూలు చివరి ఏడాది పిల్లలు ఆఖరి పరీక్షలకి ముందే పండగ చేసుకునే అలవాటుంది. వాళ్ళని "రుస్" అంటారు. ఏప్రిల్ చివరి నుంచి మే 17 దాకా, అంటే వాళ్ళ రాజ్యాంగ దినోత్సవం దాకా, ఎర్ర ప్యాంట్లు వేసుకుని, బస్సులు అలంకరించుకుని రాత్రీ పగలూ తిరుగుతారు. తమ గురించి జోకులేసుకుని విజిటింగ్ కార్డులు అచ్చు వేయించి వీధిలో పిల్లలకి పంచుతారు. ఇదంతా అయ్యాక నిద్ర కళ్ళతో పోయి పరీక్ష రాస్తారు. పరీక్షల ముందు ఇదేం గోల అని అక్కడ పెద్దలు తలపట్టుకుంటారు. మన హెడ్మాస్టర్లకి నార్వేలో చుట్టాలున్నట్టే లెక్క.

కన్నీటి వీడ్కోలు

మాది 2022 బ్యాచ్. మా ముందు రెండేళ్ళు, 2020లోనూ 2021లోనూ, కరోనా వల్ల పది పరీక్షలు రద్దయ్యాయి. అందర్నీ పాస్ చేశారు. 2021 సీనియర్లకి మా స్కూల్లో ఫేర్‌వెల్ కూడా జరగలేదు. మాస్కులతో వచ్చి టీసీలు తీసుకుని వెళ్ళిపోయారు. "మీరు కరోనా బ్యాచ్ కదా" అని జనం ఇప్పటికీ ఏడిపిస్తుంటారు. పరీక్ష లేకుండా పాసయ్యారు, పండగ లేకుండా విడిపోయారు. రెండిట్లో ఏది పెద్ద నష్టమో వాళ్ళనే అడగండి.

అందుకే మాకు ఫేర్‌వెల్ ఉందనగానే రెండేళ్ళ బాకీ వసూలు చేసినట్టు చేశారు. ఆనవాయితీ ప్రకారం తొమ్మిదో తరగతి వాళ్ళే మాకు ఇవ్వాలి. మనిషికి నూట యాభై కలెక్షన్. అందులో బిర్యానీ, మెమెంటోలు, సౌండ్ బాక్సులు, ఫ్లెక్సీ. ఫ్లెక్సీ షాపాయనకి తమ్ముళ్ళు "మంచి ఫీలింగ్ ఉండాలన్నా" అని చెప్పి డబ్బులిచ్చి వచ్చేశారు. ఆయన ఫీలింగ్ పెట్టాడు. "పదవ తరగతి విద్యార్థులకు కన్నీటి వీడ్కోలు" అని పెద్దక్షరాలు, అటొక దీపం, ఇటొక దీపం, మధ్యలో మా గ్రూప్ ఫోటో, చుట్టూ బంతిపూల దండ. గేటుకి కట్టిన అరగంటలో ఊళ్ళో ముగ్గురు పెద్దవాళ్ళు వచ్చి, "ఏమైందయ్యా, బస్సు ప్రమాదమా?" అని అడిగారు. మా హెడ్మాస్టర్ గారు దీపాల మీద తెల్ల కాగితాలు అంటించమన్నారు. గాలికి అవి మాటిమాటికీ ఎగిరి దీపాలు వెలుగుతూనే ఉన్నాయి.

అమ్మాయిలంతా అమ్మల పట్టుచీరల్లో వచ్చారు. మంగళగిరి, పోచంపల్లి, కంచి, అన్నీ దిగాయి. ఒక్కో చీరకి ఇరవైకి తగ్గకుండా పిన్నీసులు. "జాగ్రత్తే, అది నా పెళ్ళినాటిది" అని అమ్మలు పదిసార్లు చెప్పి పంపడంతో ఎవ్వరూ నేల మీద కూర్చోలేదు, బిర్యానీ ముట్టలేదు. అబ్బాయిలం తెల్ల చొక్కా, పంచె. మాలో సగం మందివి అంటించుకునే వెల్‌క్రో పంచెలు. ప్రార్థన మొదలై అందరూ నిశ్శబ్దంగా కళ్ళు మూసుకున్న టైంలో ఎక్కడో "చర్ర్" మని ఒక శబ్దం. మైకులోంచి కూడా వినపడింది. పాట పాడే అమ్మాయి నవ్వాపుకోలేక ఆగిపోయింది. ఆ పాట ఆ రోజుకి పూర్తి కాలేదు.

ఇక ఉపన్యాసాలు. ముఖ్య అతిథి "రెండే రెండు మాటలు" అని మొదలుపెట్టి మొక్క నుంచి మహావృక్షం దాకా వచ్చేసరికి ముప్పావుగంట. లెక్కల మాస్టారు మైకు తీసుకుని, "ఏడాదంతా మిమ్మల్ని తిట్టాను, ఇవాళ ఏం మాట్లాడాలో తెలియట్లేదు" అని కూర్చుండిపోయారు. అందరికన్నా ఎక్కువ చప్పట్లు పడింది దానికే. వీపులు విమానం మోత మోగినవాళ్ళే ముందు ఏడ్చారు. కారణం ఇప్పటికీ ఎవరికీ అంతుపట్టలేదు.

స్లామ్ బుక్ ముత్తాత

స్లామ్ బుక్ మీ దగ్గరా ఉండే ఉంటుంది. నిక్‌నేమ్, ఫేవరెట్ హీరో, నా మీద నీ ఫస్ట్ ఇంప్రెషన్, నీ ఆశయం. దీని ముత్తాత 16వ శతాబ్దంలో జర్మనీలోని విటెన్‌బర్గ్ యూనివర్సిటీలో పుట్టాడు. అక్కడి విద్యార్థులు చిన్న పుస్తకం ఒకటి పట్టుకుని తిరుగుతూ ప్రొఫెసర్లతో, స్నేహితులతో నాలుగు మాటలు, సంతకం రాయించుకునేవారు. దాన్ని "ఆల్బమ్ అమికోరం" అన్నారు, అంటే లాటిన్‌లో స్నేహితుల పుస్తకం. వేరే ఊరికి చదువుకి పోయినప్పుడు "చూడండి, నాకెవరెవరు తెలుసో" అని చూపించుకోవడానికి కూడా పనికొచ్చేది. ఇప్పుడు మనం లింక్డిన్‌లో చేసే పనే అది. మన వైపు మొదట ఆటోగ్రాఫ్ పుస్తకాలు వచ్చాయి, తర్వాత స్లామ్ బుక్కులు. రవితేజ సినిమా "నా ఆటోగ్రాఫ్" 2004లో వచ్చినప్పటికి మనం పుట్టలేదు గానీ, మన అన్నలూ అక్కలూ ఆ పేరు చెబితే ఇప్పటికీ కాసేపు మౌనంగా అయిపోతారు.

మా క్లాసు స్లామ్ బుక్కులో "నీ ఆశయం" దగ్గర దాదాపు అందరం సాఫ్ట్‌వేర్ ఇంజినీర్, డాక్టర్, కలెక్టర్ అనే మూడే రాశాం. వెనక బెంచీవాడొకడు మాత్రం "ముందు మ్యాథ్స్ పాసవ్వాలి" అని రాశాడు. అప్పుడు అందరం పడీపడీ నవ్వాం. ఇప్పుడు తిరగేస్తే, ఆ పుస్తకం మొత్తం మీద ఒక్క నిజం రాసింది వాడే.

ఆఖరి పేపర్ రోజు ఇంకు పండగ సంగతి చెప్పక్కర్లేదు. సెంటర్ బయట యూనిఫాం చొక్కాల మీద పెన్నులు విదిలించుకోవడం, స్కెచ్ పెన్నులతో సంతకాలు పెట్టుకోవడం. "ఇంకు చల్లుకుంటే టీసీలో కండక్ట్ బ్యాడ్ అని రాస్తాం" అని స్కూళ్ళు ప్రతి ఏడూ బెదిరిస్తాయి, ప్రతి ఏడూ అందరికీ "గుడ్" అనే రాస్తాయి. మా వాడొకడు నలభై సంతకాల చొక్కాని జీవితాంతం దాచుకుందామని మంచం మీద పెట్టి పడుకున్నాడు. తెల్లారేసరికి వాళ్ళమ్మ సర్ఫ్‌లో నానబెట్టి ఉతికి ఆరేసింది. ముప్పై తొమ్మిది పోయాయి. పర్మనెంట్ మార్కర్‌తో పెట్టిన ఒక్కటి మిగిలింది. అది వాడితో ఏడాదిగా మాటల్లేనివాడిది. వాళ్ళిద్దరూ ఇప్పుడు ఒకే రూంలో ఉంటున్నారు.

ఫ్లెక్సీలో ఆరుగురు, ఫోటోలో 42

ఇక్కడి నుంచి నవ్వు కాస్త తగ్గుతుంది. మా రిజల్ట్స్ 2022 జూన్ 6న వచ్చాయి. రాష్ట్రంలో ఆరు లక్షల మందికి పైగా రాస్తే 67.26 శాతం పాసయ్యారు. కరోనాకి ముందు, 2019లో, అది 94.88 శాతం. రెండేళ్ళు సగం క్లాసులు ఫోన్లో విని, మూడో ఏడు నేరుగా పబ్లిక్ పరీక్షకి కూర్చుంటే జరిగింది అది. దాదాపు రెండు లక్షల మంది తప్పారు. మా క్లాసులో 42 మందిమి. పదకొండు మంది తప్పారు.

ఆ వారమే బస్టాండ్ దగ్గర కొత్త ఫ్లెక్సీ వెలిసింది. ఈసారి దీపాలు లేవు. ఆరుగురు టాపర్ల ఫోటోలు, పక్కన మార్కులు. మిగతా 36 మంది ఎక్కడా లేరు. తప్పినవాళ్ళు ఆ బస్టాండ్ మీదుగా రావడం మానేశారు.

అప్పుడు తట్టింది. ఫేర్‌వెల్ రిజల్ట్ తర్వాత పెట్టి ఉంటే ఎవరొచ్చేవారు? ఆ పదకొండు మంది వచ్చేవారు కాదు. బొటాబొటిన గట్టెక్కినవాళ్ళు కూడా టాపర్ల పక్కన నిలబడటానికి సిగ్గుపడి ఏదో వంక చెప్పేవారు. మా గ్రూప్ ఫోటో 42 మందితో ఉండేది కాదు. పరీక్షకు ముందే పెట్టడానికి కారణం సెంటర్లూ సెలవులే కావచ్చు, కానీ దానివల్ల తెలియకుండానే ఒక మంచి జరిగింది. ఆ రోజు స్టేజీ మీద ఎవడి నుదుటి మీదా మార్కులు లేవు. 590 వచ్చేవాడికీ, లెక్కల్లో 19 వచ్చేవాడికీ అదే మెమెంటో, అదే బిర్యానీ, అవే చప్పట్లు. గ్రాడ్యుయేషన్ పాసైనవాళ్ళ పండగ. మన ఫేర్‌వెల్ కలిసి చదివినవాళ్ళ పండగ.

మాలో ఇద్దరు అమ్మాయిలకి ఇంటర్ పూర్తికాకుండానే పెళ్ళిళ్ళయ్యాయి. ఒకడు కైకలూరు వైపు చెరువుల దగ్గర పనిలో చేరాడు. వాళ్ళకి ఇంకో స్నాతకోత్సవం లేదు. పిన్నీసులతో నిలబడిన ఆ చీర, చర్రుమన్న ఆ పంచె, అదే వాళ్ళ కాన్వొకేషన్. ఆ ఒక్క రోజున వాళ్ళ పేరు మైకులో పిలిచారు.

"ముందు మ్యాథ్స్ పాసవ్వాలి" అని రాసినవాడు ఆ ఏడాది తప్పాడు, సప్లిమెంటరీలో గట్టెక్కాడు. ఇప్పుడు బైక్ మెకానిక్. మా బ్యాచ్ వాట్సాప్ గ్రూప్ అడ్మిన్ వాడే. ఎవరి పుట్టినరోజైనా మొదట మెసేజ్ పెట్టేది, ఎవరింట్లో కష్టమొచ్చినా మొదట ఫోన్ చేసేది వాడే. గ్రూప్ డీపీగా ఫ్లెక్సీ మీది ఫోటో పెట్టాడు, దీపాలతో సహా.

సంక్రాంతి సెలవుల్లో పేపర్ జిల్లా పేజీలు చూడండి. "పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం" అని వార్తలు వరసగా ఉంటాయి. జుట్టు నెరిసినవాళ్ళు పాత మాస్టార్లకి శాలువాలు కప్పుతూ కనిపిస్తారు. ఎక్కువగా పదో తరగతి బ్యాచ్‌లే ఉంటాయి. ఇంటర్ బ్యాచ్ కలిసిందనే వార్త నాకు చాలా అరుదుగా కనిపించింది. ఎందుకో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది.

వచ్చే ఏడాది మన సీనియర్లకి ఫేర్‌వెల్ ఇచ్చే వంతు మనదే. కాన్వొకేషన్‌కి బ్యాక్‌లాగ్స్ ఉన్నవాళ్ళని పిలవరు, అది రూలు. ఫేర్‌వెల్‌కి అలాంటి రూలేమీ లేదు. లిస్టు రాసేటప్పుడు సబ్జెక్టులు మిగిలినవాళ్ళని, వాళ్ళ బ్యాచ్‌లో మొదలై డిటైన్ అయి ఇప్పుడు మన క్లాసులో చివరి బెంచీలో కూర్చుంటున్న అన్నల్ని కూడా రాద్దాం. వాళ్ళ పేర్లు కూడా మైకులో పిలుద్దాం.

ఫ్లెక్సీ మాత్రం ప్రింటుకి వెళ్ళేముందు ఒకసారి చదవండి.